పాటకు పట్టా



పొలమునకు పట్టా ఉండునని మీకు తెలియును. ఇంటికి దస్తావేజు ఉండును. సంతలో ఎద్దులను కొన్నను రసీదు వ్రాయించుకొనుట మన గ్రామములలో వాడుకయే. కాని మన ఊరివాడొకడు సొంతముగా ఒక పాట కట్టినచో, ఆ పాట అతనిదే యనుటకు పట్టా ఏది, దానిని ఎక్కడ వ్రాయించుకొనవలెను, వ్రాయించుకొనకున్న కలుగు నష్టమేమి అను సంగతులు మనలో పెక్కుమందికి తెలియవు. ఈ సాయంకాలము నేను మనవి చేయబూనినది ఆ విషయమే.

ఇది పట్టణములలో సినిమాలకు పాటలు వ్రాయువారి గొడవ, మనకేల యని మీరు తలపవచ్చును. నేనును కొంతకాలము అట్లే తలచితిని. అట్లు కాదని నాకు తెలిసివచ్చిన విధమును మొదట చెప్పెదను.

నాకు భజనపాటలు, కోలాటపు పాటలు కట్టు అలవాటు చిన్ననాటినుండి కలదు. మా ఊరి చెరువుకట్ట తెగి, ఊరివారందరు చందాలు వేసికొని దానిని మరల కట్టుకొన్న యేడు వానలు బాగుగా కురిసి చెరువు నిండినది. ఆ సంతోషమున నేనొక కోలాటపు పాట కట్టితిని. మాటలు నావి, వరుసయు నాదే. శ్రీరామనవమి పందిట మా ఆడపిల్లలు దానిని పాడి కోలాటము వేసిరి. అంతటితో నా పని తీరినదనుకొంటిని.

రెండేండ్ల పిమ్మట పొరుగు పట్టణపు తిరునాళ్లకు పోయితిని. రంగులరాట్నము చెంత లౌడుస్పీకరునుండి ఆ పాటయే వినవచ్చినది. మా చెరువు పేరు తీసివేసి మరియొక చెరువు పేరు పెట్టిరి. తక్కినదంతయు అక్షరమక్షరము నాదే. ఆ పాటను రికార్డు చేసి అమ్ముచున్న అంగడి ఎక్కడనో విచారించి అక్కడికి పోయితిని. అట్టపై రచయిత పేరుండవలసిన చోట నే నెరుగని మరియొకరి పేరున్నది.

అంగడి యజమాని నన్ను కూర్చుండబెట్టి, “అయ్యా, ఇది మీదే కావచ్చును. కాని మీదే యనుటకు నిదర్శనమేమి? మాకు తెచ్చి యిచ్చినవారు తమదే యని కాగితముపై సంతకము చేసిరి” అనెను. ఆ మాటలో అమర్యాద ఏమియు లేదు. నాయొద్ద జవాబే లేదు. పిల్లలకు నేను పాటను నోటితో నేర్పితిని. వ్రాసికొన్న చిత్తుకాగితము ఏ అటకమీద ఏమైనదో తెలియదు. దానిపై తేదీయైనను వేయలేదు. తలవంచుకొని ఇల్లు చేరితిని.

నన్ను గట్టెక్కించినవారు మా ఊరి పెద్దాయన ఒకరు. వారి ఇంట పూర్వము కరణీకము ఉండెడిది. కాగితమును పారవేయుట ఆ ఇంట పాపము. వారు తమ పెట్టెలో వెదకి ఆ యేటి నవమి ఉత్సవపు కరపత్రమును తీసిరి. దాని వెనుకవైపున నా పాట, క్రింద నా పేరు, అడుగున అచ్చుకూటము పేరు, సంవత్సరము అన్నియు ఉన్నవి. అచ్చు వేయించినట్లు నేను మరచియే పోయితిని. ఆ కరపత్రమును చూచిన పిమ్మట అంగడివారు వాదింపలేదు. తరువాతి ప్రతులపై నా పేరు వేసిరి. ధనము రాలేదు, నేను అడుగనును లేదు. కాని నా బిడ్డను నా బిడ్డ యని నలుగురి యెదుట చెప్పుకొనుటకు ఒక పాత కాగితము కావలసివచ్చెనే యను బాధ నన్ను విడువలేదు. ఆనాటినుండి ఈ చట్టము సంగతి తెలిసికొనసాగితిని.

మన పూర్వులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. క్షేత్రయ్య తన పదములలో మువ్వగోపాలుని పేరు నిలిపెను. త్యాగరాజస్వామి తన కృతులలో తన పేరే నిలిపెను. దీనిని ముద్ర యందురు. అది ప్రధానముగా భక్తిచేత వేసినదైనను, ఈ పాట ఎవరిదన్న ప్రశ్నకు పాటలోనే జవాబు చెప్పుచున్నది. తాళ్లపాక అన్నమాచార్యులు తన పాటలను అనుకరించి తమవిగా చెప్పుకొనువారి ఛాయాపహారమును గర్హించుచు ఒక సంకీర్తనమే రచించెను. ఆ వంశమువారు వేలకొలది సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపరచిరి. ఆ రేకులు లేకున్న నేడు ఆ పాటలలో ఎన్ని నిలిచియుండెడివో, నిలిచిన వానిలో ఎన్ని ఇతరుల పేర చెల్లెడివో ఊహింపుడు.

మన తాతలనాటి హరికథల పుస్తకములను, నాటకపు పుస్తకములను తీసి చూచినచో మొదటి పుటలోనో చివరి పుటలోనో “సర్వస్వామ్యములు గ్రంథకర్తవి” అనియో, “కాపీరైటు రిజిష్టర్డు” అనియో అచ్చు వేసియుండుట మీలో పలువురు చూచియే యుందురు. స్వాతంత్ర్యమునకు పూర్వము 1914 సంవత్సరపు చట్టము అమలులో నుండెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మనవారు 1957లో కొత్త కాపీరైటు చట్టమును చేసిరి. అది 1958 జనవరి 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పలుమారులు సవరింపబడినను నేటికిని చెల్లుచున్నది ఆ చట్టమే. పాటకట్టువారికి మిక్కిలి మేలు చేసిన సవరణ 2012లో జరిగినది. దాని సంగతి ముందు వచ్చును.

ఇప్పుడు అసలు విషయము. పాట యనగా మనకు ఒక్క వస్తువే. చట్టము కంటికి మాత్రము అది మూడు వస్తువులు. ఒక మామిడితోటను తలచుకొనుడు. భూమి ఒకరిది కావచ్చును. చెట్లు నాటినవారు మరియొకరు కావచ్చును. ఆ యేటి కాపును గుత్తకు తీసికొన్నవారు మూడవవారు కావచ్చును. తోట ఒక్కటే, హక్కులు మూడు. పాటయు నట్లే. మాటలు సాహిత్య రచన. వాని హక్కు వ్రాసినవానిది. వరుస సంగీత రచన. దాని హక్కు వరుస కట్టినవానిది. మాటలు సంగీత రచనలో చేరవని చట్టమే స్పష్టముగా చెప్పుచున్నది. ఆ పాటను పాడించి యంత్రమున నిలిపిన రికార్డు మూడవది. దాని హక్కు సాధారణముగా ఆ ఏర్పాటు చేసి ఖర్చు భరించినవానిది. ఇవిగాక పాడినవారికి తమ గానముపై వేరొక హక్కును చట్టము ఇచ్చినది. కావున మీ ఊరివాడు మాటలు వ్రాసి, మరియొకడు వరుస కట్టి, వేరొకరు రికార్డు చేసినచో, ఎవరి భాగమును వారు చెప్పుకొనవలెనే గాని పాటంతయు నాదనరాదు.

ఈ హక్కు ఎప్పుడు పుట్టును? పలువురు పొరపడునది ఇచ్చటనే. రిజిస్టరు చేయించిననే గాని హక్కు రాదని అనుకొందురు. అది నిజము కాదు. పాటను సొంతముగా కట్టి కాగితముపైననో, రికార్డుగానో నిలిపిన క్షణముననే హక్కు పుట్టును. శిశువు పుట్టుట ఇంటనో ఆసుపత్రిలోనో జరుగును. పంచాయతీ పుస్తకములో పేరు వ్రాయించుట తరువాతి మాట. పుస్తకములో పేరు లేదని బిడ్డ పుట్టలేదనము గదా! కాని ఆ బిడ్డ వయసెంత, తల్లిదండ్రులెవరు అను తగవు వచ్చిననాడు అందరును ఆ పుస్తకమునే అడుగుదురు. కాపీరైటు రిజిస్టరు అట్టిదే. అందులోని వివరములు న్యాయస్థానమున ప్రథమ సాక్ష్యముగా చెల్లును. ఎదుటివాడు అది తప్పని ఋజువు చేయువరకు అందున్న మాటయే నిలుచును. ఋజువు చేయవలసిన బరువు మన తలమీదినుండి ఎదుటివాని తలమీదికి పోవుటయే రిజిస్టరువలన కలుగు లాభము. ఆ బరువు ఎంతటిదో అంగడి గుమ్మమున నిలుచుండి నేను ఎరిగితిని.

ఇక దరఖాస్తు చేయు విధము. కాపీరైటు కార్యాలయము దేశమంతటికి ఒక్కటే. అది ఢిల్లీనగరమున ద్వారకలో నున్నది. అక్కడికి పోనక్కరలేదు. దరఖాస్తును కంప్యూటరుమీద అంతర్జాలముద్వారా పంపవచ్చును. వకీలు ఉండియే తీరవలెనన్న నియమము లేదు. ఊరిలో చదువుకొన్న పిల్లవాడెవడైనను సాయము చేయగలడు. 2013 సంవత్సరపు నియమావళిలోని 14వ నమూనాలో దరఖాస్తు ఉండవలెను. దానితోపాటు రెండు వివరణ పత్రములు ఉండును. మొదటిదానిలో రచన పేరు, భాష, రచయిత పేరు, చిరునామా, అది ఇదివరకు ప్రకటితమైనదా లేదా, హక్కుదారు లెవరు మున్నగునవి వ్రాయవలెను. రెండవదానిలో అది సొంత రచనయా, అనువాదమా, మరియొకదానినుండి మార్చి వ్రాసినదా యని చెప్పవలెను. ఇక్కడ అబద్ధమాడరాదు. రిజిస్టరులో కల్ల వ్రాయించుట చట్టప్రకారము నేరము.

సాహిత్య రచనకు గాని సంగీత రచనకు గాని రుసుము ఒక్కొక్క రచనకు రూ. 500. రికార్డునకు రూ. 2,000. మాటలను, వరుసను రెండింటిని నమోదు చేయింపగోరినచో రెండు దరఖాస్తులు, రెండు రుసుములు కావలెను. బీదవాడగు పాటగాడు తన నూరు పాటలకు నూరు రుసుములు కట్టలేడు. అట్టివాడు తన పాటలనన్నిటిని ఒక పుస్తకముగా కూర్చి, ఆ పుస్తకమును ఒక సాహిత్య రచనగా నమోదు చేయించుకొనవచ్చును. అచ్చు వేయింపకున్నను సరియే, వ్రాతప్రతి చాలును. ప్రకటితము కాని రచనను సైతము నమోదు చేయుదురు.

దరఖాస్తుతో రచన ప్రతులను పంపవలెను. వరుసకైనచో స్వరము వ్రాసిన ప్రతి కావలెను. స్వరము వ్రాయుట మన పాటగాండ్రలో పలువురికి రాదు. తెలిసిన సంగీతోపాధ్యాయునిచేత వ్రాయించుకొనుట మంచిది. రచన మరియొకరిదై, హక్కు తాను కొనినచో, రచయిత సమ్మతిపత్రమును జతపరుపవలెను. ఆ పాటలో మరియొకరికి హక్కున్నదని గాని, మరియొకరు తగవు చెప్పుచున్నారని గాని తెలిసినచో, దరఖాస్తుదారు వారికి ఆ సంగతి తెలుపవలెను.

దరఖాస్తు చేరగానే ఒక డైరీ నంబరు వచ్చును. దానిని జాగ్రత్తగా వ్రాసి ఉంచుకొనుడు. తరువాత ఏ సంగతి విచారింపవలెనన్నను ఆ నంబరే ఆధారము. ఆ తరువాత ముప్పది దినములు వేచియుండవలెను. ఆ గడువులో ఎవరైనను వచ్చి ఆ పాట తమదని ఆక్షేపణ చెప్పవచ్చును. ఆక్షేపణ వచ్చినచో రిజిస్ట్రారు ఉభయపక్షముల మాట వినును. రానిచో కాగితములను పరీక్షింతురు. ఏదైన లోపమున్న జాబు వ్రాయుదురు. ఆ జాబునకు గడువులోపల సమాధానము పంపుట మిక్కిలి ముఖ్యము. పంపకున్న చేసిన శ్రమ వ్యర్థమగును. అన్నియు సరిగా నున్న పిమ్మట రిజిస్టరులో చేర్చి పత్రమును పంపుదురు. దీనికి కొన్ని నెలలు పట్టవచ్చును, ఓపిక కావలెను. రిజిస్ట్రారు తీర్పు మనకు సమ్మతము కానిచో మూడు నెలల లోపల హైకోర్టుకు విన్నవించుకొనవచ్చును.

కొందరు తమ పాటను కవరులో పెట్టి తమ పేరనే రిజిస్టరు టపాలో పంపుకొని, విప్పకుండ దాచుకొందురు. టపాముద్రపై తేదీ ఉండును గనుక అదియు ఒక సాక్ష్యమే కావచ్చును. కాని చట్టములో దానికి ప్రత్యేకమైన స్థానము లేదు. కాపీరైటు రిజిస్టరునకు అది బదులు కాదు.

దేనికి హక్కు ఉండదో అదియు తెలిసికొనవలెను. తరతరములుగా మన స్త్రీలు పాడుకొనుచున్న లాలిపాట, దంపుళ్లపాట, నాట్లపాట మున్నగు వానికి కర్త ఎవరో తెలియదు. అవి అందరివి. వానిని విని వ్రాసికొని నావని రిజిస్టరు చేయింపబోవుట అన్యాయము. ఊరుమ్మడి బీడును తన పేర వ్రాయించుకొనుట వంటిది. పాత వరుసమీద ఎవరైన కొత్త మాటలు కట్టినచో, ఆ మాటలవరకే అతనికి హక్కు. వరుస అందరిదిగానే ఉండును. రాగము, తాళము ఎవరి సొత్తును కావు. భావమునకును హక్కు లేదు. చెరువు నిండినదన్న సంతోషమును నేను పాడితిని గనుక మరియొకరు పాడరాదని నేననజాలను. వారు తమ మాటలలో పాడుకొనవచ్చును. నా మాటలనే తీసికొనుట తప్పు. భావమునకు హక్కు లేదు, దానిని చెప్పిన తీరునకే కలదని మన సుప్రీంకోర్టు 1978లో ఒక నాటకమునకు, సినిమాకు నడుమ వచ్చిన వ్యాజ్యమున విశదముగా చెప్పినది.

ఇక హక్కును ఇతరుల కిచ్చు సంగతి. ఇదియే మన పాటగాండ్రు మోసపోవు చోటు. మా పొరుగూర ఒక బుర్రకథకుడు కలడు. అతడు తాను కట్టిన ఒక కథాగీతమును రికార్డు చేయుట కొప్పుకొని, మూడువేల రూపాయలు తీసికొని, ఒక స్టాంపు కాగితముపై సంతకము చేసెను. కాగితములో ఏమున్నదో చదివించుకొనలేదు. తరువాత కొనినవారి మనుష్యు డొకడు వచ్చి, “ఈ పాట ఇక నీది కాదు, జాతరలో పాడితివా, కోర్టు కెక్కింతుము” అని బెదిరించెను. ఆ మాటకు భయపడి ఆ వృద్ధుడు ఏడేండ్లపాటు తన పాటను తానే పాడుట మానెను. జాతరకు వచ్చినవారు ఆ పాట పాడుమని అడిగినచో గొంతు బాగులేదని చెప్పుచుండెడివాడు.

ఈ సంగతి తెలిసి నేను పోయి ఆ కాగితమును చదివితిని. అందు పాట పేరున్నది, ఇచ్చిన సొమ్మున్నది, సంతకమున్నది. ఎంతకాలమునకు ఇచ్చెనో లేదు. ఏ ప్రదేశమునకు ఇచ్చెనో లేదు. చట్టములో దీనికి స్పష్టమైన సమాధానము కలదు. కాలము వ్రాయనిచో హక్కు ఐదేండ్లకు మాత్రమే ఇచ్చినట్లు. ప్రదేశము వ్రాయనిచో భారతదేశమునకు మాత్రమే ఇచ్చినట్లు. అనగా ఐదేండ్లు నిండగానే ఆ పాట మరల అతనిదైనది. తరువాతి రెండేండ్లును అతడు ఊరక భయపడెను. ఈ మాట చెప్పినపుడు అతడు వెంటనే నమ్మలేదు. ఆ కాగితమును ఒక వకీలుకు చూపి, ఆయన నోట విన్న పిమ్మట నమ్మెను. ఆ యేటి జాతరలో అతడు ఆ కథాగీతమును తుదివరకు పాడెను. గుమ్మెటలు కొట్టు వంతగాండ్రు మాటిమాటికి కన్నులు తుడుచుకొనిరి.

కావున సంతకమునకు ముందు ఈ ఐదు సంగతులు కాగితములో ఉన్నవో లేవో చూడుడు. ఏ పాట? అందు ఏ హక్కు, మాటలదా, వరుసదా, రెండునా? ఎంతకాలము? ఏ ప్రదేశము? సొమ్మెంత, రాబడిలో భాగమెంత? నోటిమాటతో హక్కు చేతులు మారదు; వ్రాతపూర్వకముగా, ఇచ్చువాని సంతకముతో ఉండవలెనని చట్టము. కొనినవాడు ఒక సంవత్సరములోపల దానిని ఉపయోగింపకున్నచో, కాగితములో వేరు నియమము లేనియెడల, ఆ హక్కు ఇచ్చినవానికే తిరిగివచ్చును. “సర్వకాలములకు, సర్వలోకములకు” అని వ్రాసియున్న కాగితమును చూచినచో సంతకము చేయక ఇంటికి తెచ్చుకొని నలుగురితో ఆలోచింపవలెను. అట్లు స్పష్టముగా వ్రాసిన మాట చెల్లును.

ఇక్కడనే 2012 సవరణ మనకు అండగా నిలుచుచున్నది. అంతకుముందు, 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ననుసరించి, సినిమాకు పాట వ్రాసి యిచ్చినవానికి ఆ పాటవలన తరువాత వచ్చు రాబడిలో వాటా దాదాపు లేకుండ పోయెడిది. కవులును, సంగీతకర్తలును పెక్కుయేండ్లు మొరపెట్టుకొనిరి. అప్పటి రాజ్యసభ సభ్యుడైన ఉర్దూ కవి జావేద్ అఖ్తర్ ఈ విషయమై గట్టిగా పోరాడెను. ఆ సవరణ 2012 జూన్ 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దానిప్రకారము, సినిమాలో గాని రికార్డులో గాని చేరిన పాట రచయితయు, వరుస కట్టినవాడును, హక్కును అమ్ముకొన్నను, కొనినవానితో సమానముగా రాయల్టీ పొందు హక్కును వదలుకొనలేరు. వదలుకొన్నట్లు కాగితము వ్రాయించుకొన్నను అది చెల్లదు. ఆ హక్కును వారసులకు గాని, రాయల్టీ వసూలు చేయు సంఘమునకు గాని తప్ప మరెవ్వరికి ఇయ్యరాదు. సినిమాను సినిమాహాలులో ప్రదర్శించుట మాత్రము దీనికి మినహాయింపు. ఇట్టి వసూలు పనికై 1969లో స్థాపితమైన ఇండియన్ పెర్‌ఫార్మింగ్ రైట్ సొసైటీ అను సంఘము ముంబైలో కలదు. పాటలు వ్రాయువారును, వరుసలు కట్టువారును అందులో సభ్యులు కావచ్చును.

ఈ హక్కు ఎంతకాలము నిలుచును? రచయిత జీవించియున్నంతకాలము, అతడు చనిపోయిన పిమ్మట మరి 60 సంవత్సరములు. ఆ అరువది యేండ్లను మరణించిన సంవత్సరమునకు మరుసటి సంవత్సరము మొదటినుండి లెక్కింపవలెను. పూర్వము ఇది 50 ఏండ్లే. 1941లో మరణించిన రవీంద్రుని రచనల గడువు ముగియు సమయమున దానిని 60 ఏండ్లకు పెంచిరి. “మాకొద్దీ తెల్లదొరతనము” పాట వ్రాసి చెరసాల కేగిన గరిమెళ్ల సత్యనారాయణగారు 1952లో పరమపదించిరి. వారి పాటలపై హక్కు 2012 సంవత్సరాంతము వరకు నిలిచినది. ఇప్పుడు అవి అందరివి. తెలుగుదేశమంతయు పాడుకొన్న పాట వ్రాసిన ఆయన తుదిదినములను దారిద్ర్యములో గడిపెను. “మా తెలుగు తల్లికి” వ్రాసిన శంకరంబాడి సుందరాచారిగారు 1977లో చనిపోయిరి. దాని హక్కు 2037 సంవత్సరాంతము వరకు నడచును. కావున పాట అనునది మనుమల కాలమువరకు నిలుచు ఆస్తి. వీలునామా వ్రాయునపుడు పొలము, ఇల్లు, బంగారము చెప్పినట్లే పాటలను గూడ చెప్పుట మంచిది.

హక్కు అనగానే ఊరిలో ఎవరును పాడరాదని భయపడకుడు. నిజమైన మతసంబంధమైన ఉత్సవములలో పాట పాడుట తప్పు కాదు. పెండ్లి ఊరేగింపును, పెండ్లికి సంబంధించిన వేడుకలను చట్టము అందులోనే చేర్చినది. టిక్కెట్టు లేకుండ ఔత్సాహిక బృందమువారు పాడినను, ఆడినను తప్పు లేదు. దేవాలయాది మతసంస్థల సహాయార్థమై ప్రదర్శించినను తప్పు లేదు. పాటను పదిమంది పాడుకొనుటకు చట్టము అడ్డుపడుట లేదు. ఒకని కష్టమును మరియొకడు తన పేర అమ్ముకొనుటకే అడ్డుపడుచున్నది.

అమ్ముకొన్నచో ఏమి చేయవచ్చును? మొదట వ్రాతమూలకముగా నోటీసు పంపవలెను. సగము తగవులు అచ్చటనే తీరును. తీరనిచో జిల్లా కోర్టులో దావా వేయవచ్చును. ఎదుటివాడు ఏ దూరనగరమున ఉన్నను, పాటగాడు తాను నివసించు జిల్లాలోనే దావా వేయుటకు చట్టము అనుమతించుచున్నది. బీదవానికి ఇది గొప్ప సౌకర్యము. తెలిసి చేసిన అపహరణకు ఆరు నెలలనుండి మూడేండ్లవరకు జైలుశిక్ష, రూ. 50,000 మొదలు రూ. 2 లక్షలవరకు జుర్మానా ఉన్నవి. ఇంతేగాక, హక్కునంతటిని అమ్మివేసినను, ఇది నా రచన యని చెప్పుకొను హక్కు, తన కీర్తికి భంగము కలుగునట్లు దానిని వికృతపరుపరాదను హక్కు రచయితయందే నిలిచియుండును. నాకు అంగడిలో కావలసినది ఆ మొదటి హక్కే.

పెద్దలారా! మీ ఊర కోలాటము నేర్పువా డుండును. భజనలు కట్టువా డుండును. పొలములో పనిచేయుచు అప్పటికప్పుడు పాట అల్లు స్త్రీ ఉండును. వారిలో పలువురికి వ్రాత రాదు. వచ్చినను తేదీ వేయు అలవాటు లేదు. మీరు చదువుకొన్నవారు, కాగితము విలువ ఎరిగినవారు. మీవలన కోరునది స్వల్పము. ఒక మంచి పుస్తకము కుట్టించి, ఊరివారు కట్టిన పాట నెల్ల అందులో వ్రాయింపుడు. మాటలు ఎవరివి, వరుస ఎవరిది, మొదట ఏ దినమున ఎక్కడ పాడిరి అని క్రింద వ్రాసి, కట్టినవారిచేత సంతకమో వ్రేలిముద్రయో వేయించి, ఇద్దరు సాక్షులు సంతకము చేయుడు. అది రిజిస్టరునకు బదులు కాదు. కాని రిజిస్టరునకు దారి తీయును, తగవు వచ్చిననాడు నోరు విప్పి మాటాడును. పదిమంది మెచ్చిన పాట అగుపడినచో, ఐదువందల రూపాయలు ఊరుమ్మడిగా వేసియైనను దానిని నమోదు చేయింపుడు. ఎవరైనను కాగితము తెచ్చి సంతకము చేయుమన్నచో, “పెద్దలకు చూపి చేసెద” నని చెప్పుట మీ పాటగాండ్రకు నేర్పుడు.

నా పాటను నిలిపినది ఒక పెద్దాయన పెట్టెలోని కరపత్రము. ఆయన ఇప్పుడు లేరు. ఆ పెట్టె వారి కుమారుని ఇంట నున్నది. మా ఊరి పాటల పుస్తకమును మేము అందులోనే ఉంచుచున్నాము.

సెలవు.